మెర్రిన్ నొక్కిన అవార్డు

హామిల్టన్ ఊరి చుట్టుపక్కల గొర్రెల రైతులు మెర్రిన్ తుల్లక్ ఎదురొస్తుంటే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయేవారు. మనిషి మంచిదే. కాకపోతే ఎవరు కనబడినా పాస్‌వర్డు మార్చారా అని అడుగుతుంది, అదీ భయం. పొట్టేళ్ల వేలాలను కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్ ఆమెది. షెడ్డులో నిలబడి చెయ్యెత్తేవాళ్లతో పాటు ఎక్కడో ఇంట్లో టీ తాగుతున్న రైతు కూడా వేలం పాట పాడొచ్చు. పశ్చిమ విక్టోరియాలో డెబ్భై పైచిలుకు మంది వేలం ఏజెంట్లు దాన్నే నమ్ముకుని ఉన్నారు. ఆ నమ్మకం పోకూడదని ఆమె లైబ్రరీలో, ఫుట్‌బాల్ క్లబ్బులో ఉపన్యాసాలు ఇచ్చేది. "తెలియనివాళ్లు పంపిన ఫైలు తెరిచేవాడికి మెదడు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగి అందరినీ నవ్వించేది.

సెప్టెంబరులో ఒక బుధవారం ఆమెకు ఒక ఈమెయిల్ వచ్చింది. ప్రాంతీయ ప్రతిభావంతుల అవార్డుకు తుది జాబితాలో మీ పేరుంది, ప్రశంసాపత్రం జత చేశాం అని. మెర్రిన్ నొక్కింది. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. అవార్డు ఊరికే వస్తుందా అనుకుని మూడోసారి కూడా నొక్కింది. అప్పటికీ రాకపోతే, ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ప్రోగ్రామరు టవిటాకు పంపింది, "నీ దగ్గర తెరుచుకుంటుందేమో చూడు" అని. టవిటా ఆమె ఈమెయిళ్లు వారానికోసారి మాత్రమే చదువుతాడు కాబట్టి బతికిపోయాడు.

గురువారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి ప్రతి కంప్యూటర్ మీదా ఒకటే నల్లటి తెర. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, మీ ఖాతాదారుల వివరాలు మా దగ్గరున్నాయి, తాళంచెవి కావాలంటే ఇంత ఇవ్వండి అని దొంగలు రాశారు. వాళ్లడిగింది ఆమె ఇల్లూ ఆఫీసూ కలిపి అమ్మినా వచ్చేది కాదు. అడుగున, సందేహాలుంటే ఇరవై నాలుగ్గంటలూ సంప్రదించవచ్చునని మర్యాదగా ఒక చిరునామా.

"మన హెల్ప్‌లైన్ అయిదింటికే కట్టేస్తాం కదూ?" అంది మెర్రిన్ నీరసంగా.

"నాలుగున్నరకి" అన్నాడు టవిటా. గంటసేపు వెతికి కుర్చీ ఆమె వైపు తిప్పాడు. సమోవా నుంచి వచ్చిన కుటుంబంలో ఆఖరివాడు, ఎంత పెద్ద సంగతైనా వాతావరణం చెప్పినట్టు చెబుతాడు. "నిన్న పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి వచ్చారు. నీ కంప్యూటర్లోంచి."

"నా దాంట్లోంచా? ఎలా?"

"నువ్వే తలుపు తీశావు. మూడుసార్లు."

మెర్రిన్ బల్ల మీద తల వాల్చింది. మర్నాడే క్లారీ వెన్నింగ్ గారు నడిపే పొట్టేళ్ల వేలం, ఆ సీజన్‌లో అన్నిటికంటే పెద్దది. తలెత్తి ఆమె చేసిన మొదటి పని ఏజెంట్లందరికీ ఒక సందేశం పంపడం: "ముందుగా అనుకున్న మరమ్మతుల వల్ల మా సేవకు స్వల్ప అంతరాయం." రాస్తున్నప్పుడే చెవులు వేడెక్కాయి. అయినా పంపింది.

రెండు నిమిషాల్లో క్లారీ ఫోన్. డెబ్భై దాటిన వేలం ఏజెంటు, ఆమె సాఫ్ట్‌వేర్‌ను అందరికంటే ముందు కొన్నవాడు.

"ఏం మరమ్మతులే అమ్మాయ్? పొట్టేళ్ల సీజన్ నడిమధ్యలో ముందుగా అనుకున్నవాళ్లెవరు?"

"చిన్నదే క్లారీ. మీరు కంగారు పడకండి."

"నేను కంగారు పడట్లేదు. నీ గొంతే కంగారు పడుతోంది."

"జలుబు చేసింది" అంది మెర్రిన్. ఫోన్ పెట్టేశాక తనకే సిగ్గేసి నిజంగానే ముక్కు చీదింది.

పోలీసులకు చెప్పింది. డబ్బివ్వొద్దన్నారు వాళ్లు. ఇద్దామన్నా లేదు కాబట్టి ఆ ఒక్క విషయంలో ఆమెకు ధర్మసందేహం రాలేదు. టవిటా పదకొండు రోజుల కిందట విడిగా దాచిన ఫైళ్ల నకలు బయటికి తీశాడు. దాన్ని నిలబెట్టడానికి వారమైనా పడుతుందన్నాడు. ఈ లోపల ఏజెంట్లకు ఎలా చెప్పాలా అని ఆమె మధ్యాహ్నం దాకా ఉత్తరం రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. ఎక్కడ కామా పెట్టాలో ఆలోచిస్తూ ఉండగా రెండు గంటలకు దొంగలే ఏజెంట్లందరికీ రాసేశారు. మీ రైతుల పేర్లూ, ఫోన్ నంబర్లూ, డ్రైవింగ్ లైసెన్సు ఫొటోలూ మా దగ్గరున్నాయి, మెర్రిన్ తుల్లక్ గారు మీకు ఇంకా చెప్పలేదనుకుంటాం అని.

ఆమె కారు తీసుకుని క్లారీ ఆఫీసుకు వెళ్లింది. ఆయన రేపటి పొట్టేళ్లకు నంబరు చీటీలు రాసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"జలుబు తగ్గిందా?"

"క్లారీ, నేనే నొక్కాను. అవార్డన్నారు. నొక్కాను."

"ఏం అవార్డు?"

"ప్రతిభావంతుల అవార్డు."

క్లారీ నవ్వు ఆపుకోవాలని చూశాడు, చేత కాలేదు. కాసేపు నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మొహం గట్టిగా పెట్టాడు. "నొక్కినందుకు నాకు కోపం లేదు. రేపు నాకూ అవార్డొస్తే నేనూ నొక్కుతా. కానీ పొద్దున నేను నోరు తెరిచి అడిగాను. దొంగవెధవ నిజం చెప్పాడు, నువ్వు మరమ్మతులన్నావు. ఇప్పుడు నేనెవరిని నమ్మాలి?"

మెర్రిన్‌ను ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"రేపు షెడ్డుకు రా. జనానికి నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అన్నాడు ఆయన.

శుక్రవారం షెడ్డు కిటకిటలాడింది. అగ్నిమాపక దళం వాళ్లు బయట విరాళాల కోసం మాంసం సాసేజీలు కాల్చి అమ్ముతున్నారు. మెర్రిన్ వేలం బల్ల పక్కన గడ్డిమోపు ఎక్కి నిలబడింది. ఉపన్యాసాలు అలవాటైన గొంతు ఆ రోజు కీచుమంది. దొంగలు ఎలా వచ్చారో, ఏమేం పట్టుకుపోయారో చెప్పింది. లైసెన్సు మార్పించుకోవడానికి ఎవరిని అడగాలో చెప్పింది. "నిన్న పొద్దున మరమ్మతులని అబద్ధం కూడా ఆడాను. తెలియని ఫైలు తెరిచేవాడికి మెదడుందా అని మిమ్మల్ని అడుగుతుండేదాన్ని కదా. లేదు. నన్ను చూసుకోవచ్చు."

కొందరు నవ్వారు. రాస్ విచర్ నవ్వలేదు. కోల్‌రెయిన్ దగ్గర ఒంటరిగా గొర్రెల మంద చూసుకునే ఆడమనిషి ఆమె.

"లైసెన్సు ఫొటో ఇవ్వనంటే, ఇస్తే గానీ పాట పాడనివ్వనన్నావు. గుర్తుందా? భద్రత కోసమన్నావు" అంది రాస్.

"అన్నాను."

"ఎవరి భద్రత?"

"పాట పాడాక ఎగ్గొట్టేవాళ్లుంటారని అడిగాం. పని అయ్యాక చెరిపెయ్యాలి. చెరపలేదు. బద్ధకం."

"నీ బద్ధకానికి నా మొహం ఎవడి దగ్గరుందో ఇప్పుడు" అంది రాస్. "ఇంక నీ దాంట్లో పేరు రాయను. నవ్వించి మాఫీ చేయించుకోవాలని చూడకు."

ఆ మాట మెర్రిన్‌కు సూటిగా తగిలింది. తను సరిగ్గా అదే చేస్తోంది మరి. గడ్డిమోపు దిగింది.

కంప్యూటర్ లేదు కాబట్టి దూరాన ఉన్నవాళ్ల తరఫున ఫోన్లు పట్టుకుని పాడటానికి నెట్‌బాల్ ఆడే ఊరి జట్టు ఆడవాళ్లు ముందుకొచ్చారు. ఒక ఫోన్ మెర్రిన్ చేతికిచ్చారు. అవతల కింగ్ ఐలాండ్ నుంచి ఒక ముసలి రైతు, మధ్యలో గాలి హోరు. ముప్ఫై ఆరో పొట్టేలుకు ఆమె ఉత్సాహంగా చెయ్యెత్తి ఎత్తి పాట గెలిచింది. క్లారీ సుత్తి కొట్టేశాక ఫోన్లోంచి ముసలాయన, "ముప్ఫై ఏడన్నాను గదమ్మా!" అన్నాడు.

తర్వాతి పొట్టేలు అప్పటికే బరిలోకి వస్తోంది. ఎలాగోలా సర్దుకోవచ్చు, తర్వాత మాట్లాడుకోవచ్చు అని ఒక్క క్షణం అనిపించింది ఆమెకు. చెయ్యెత్తింది. "క్లారీ, ఆపండి. తప్పు విన్నాను. ముప్ఫై ఆరు ఆయనకు వద్దు."

షెడ్డంతా గొల్లుమంది. "ఈవిడికి చెవుల అవార్డు కూడా ఇవ్వండిరా" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. క్లారీ ముప్ఫై ఆరుకు మళ్లీ పాట పెట్టాడు. రెండోసారి దానికి ధర తగ్గింది. ఆ పొట్టేలును అమ్ముకున్న రైతు మెర్రిన్ వంక చూసిన చూపు ఆమెకు చాలా రోజులు నిద్రలో కూడా కనబడింది.

సాఫ్ట్‌వేర్ తొమ్మిదో రోజుకు లేచింది. దొంగలు అన్నంత పనీ చేసి సగం వివరాలు బయటపెట్టారు. మెర్రిన్ ఏజెంట్లందరికీ, తర్వాత రైతులకూ ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. తిట్టినవాళ్లు తిట్టారు, ఎత్తనివాళ్లు ఎత్తలేదు. క్రిస్మస్ నాటికి ముప్ఫైమంది ఏజెంట్లు వెళ్లిపోయారు. క్లారీ ఉన్నాడు, అయితే ఏడాదికి బదులు నెలకు మాత్రమే ఒప్పందం రాయించుకున్నాడు. లైసెన్సు ఫొటోలు అడగడం మానేశారు. టవిటా ఇప్పుడు ఆమె ఈమెయిళ్లన్నీ ఆమెకంటే ముందే చదువుతాడు.

రాస్ తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మాత్రం ఫోన్ చేసింది. పలకరింపేమీ లేదు.

"బ్యాంకు నుంచని మెసేజి వచ్చింది. కింద ఏదో నొక్కమంటోంది. నిజమా, దొంగా?"

"చదవండి" అంది మెర్రిన్. రాస్ చదివింది. "దొంగే. నొక్కకండి. మీ కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి అడగండి."

"నిన్ను అడుగుతున్నానని నమ్ముతున్నాననుకోకు."

"అనుకోను. మరి నన్నెందుకడిగారు?"

"అలాంటివి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి?" అని రాస్ ఫోన్ పెట్టేసింది.

తర్వాతి వారం మళ్లీ చేసింది. ఈసారి కరెంటు బిల్లు.