బూడిదలో పెట్టిన పట్టీ

భూమన్న కొలిమి మళ్ళీ రాజుకున్నది ఊరి పుణ్యాన కాదు, చెడిపోయిన ఒక లారీ పుణ్యాన. ఇంటి ముందు పందిట్లోని ఆ కొలిమి వైపు రెండేళ్ళుగా ఎవరూ తొంగిచూడలేదు. ఆస్తి వాటాల దగ్గర తమ్ముడు బాలమల్లుతో మాటామాటా పెరిగింది. బాన్సువాడ రైతులంతా నాగళ్ళు భుజాన వేసుకుని తమ్ముడి వాకిట్లోని కొలిమికే పోయారు. ఊరెప్పుడూ నవ్వే మొహం వైపే పోతుంది, పనిచేసే చేతుల వైపు పోదు. ఆ మరుసటేడు ఊళ్ళో గత్తర, అదే కలరా, వచ్చి భార్య లచ్చవ్వ పోయింది. తిత్తి లాగే మనిషి లేనప్పుడు కమ్మరి రెండు చేతులతో ఏం చేస్తాడు? నిప్పూ చల్లారింది, ఇల్లూ చల్లారింది.

ఇంతలో మద్నూర్ సేటు లారీ, బెల్లం దిమ్మెలతో పోతూ పోతూ, అతని గడప ముందే ఆగిపోయింది. స్టీరింగు డబ్బాను లారీ చట్రానికి పట్టి ఉంచే ఇనప పట్టీ రెండు ముక్కలైంది. యుద్ధం రోజులు. ఓడల మీద సీమ నుంచి సామాను రావడం లేదు, హైదరాబాదంతా వెతికినా దొరకదు. డ్రైవరు పండరికి ఇక కమ్మరే దిక్కు. తిత్తి తానే లాగుతానన్నాడు.

లాగుతూ ఒక్క క్షణం నోరు మూయలేదు. మద్నూర్ సంతలో ఎడ్ల బేరాలు, పెళ్ళాం బీడీలు చుట్టే వేగం, దెగ్లూర్ మామ పిసినారితనం, అన్నీ చెప్పాడు. భూమన్న విననట్టే ఉండి అంతా విన్నాడు. రెండోరోజు పొద్దున అడక్కుండానే నాలుగు జొన్నరొట్టెలు ఎక్కువ కాల్చాడు.

మొదటి పట్టీ ఆ రోజే తయారైంది. పాత బండి కమాను ముక్కను కాల్చి వంచాడు, ఎర్రగా ఉండగానే తూట్లు పొడిచాడు, చివరికి నీళ్ళ తొట్టిలో ముంచాడు. ముప్పై ఏళ్ళు నాగటి కర్రులకు పదును పెట్టిన చెయ్యి, దాని అలవాటున అది ముంచేసింది. పండరి బోల్టు బిగించాడో లేదో, పట్టీ పెంకులా పలిగింది.

"ఏందన్నా, గీ లారీతోని దున్నాల్నా నేను?" అన్నాడు పండరి.

భూమన్న మొహం మాడిపోయింది. కర్రు మన్ను కోయాలి గనుక గట్టిపడాలి. లారీ పట్టీ గుంతల్లో పడి లేవాలి గనుక కొంచెం ఓర్చుకోవాలి. ఇంత చిన్న సంగతి తనకు తట్టకపోయింది.

మూడోరోజు మధ్యాహ్నానికి రెండో పట్టీని కాల్చి వంచడం అయింది. చీకటి పడకముందే మద్నూర్ చేరాలని పండరి తొందర. తొట్టి చూపించి, ముంచితే దబ్బున సల్లారుతది కదా అన్నాడు.

ఎర్రటి పట్టీని పటకారుతో పట్టుకుని భూమన్న తొట్టి మీద ఆగాడు. ముంచితే మళ్ళీ పలుగుతుంది. పలిగితే ఈ మనిషి ఇంకో రెండు రోజులుంటాడు, ఇంకో నాలుగు పూటలు రొట్టె తింటాడు. తప్పెవరిదో అడిగేవాడు లేడు. కానీ ఇక్కడ పలక్కుండా దారిలో కాలువ గట్టు మీద పలిగి, లారీ నీళ్ళలో పడితే?

"జరుగు," అని పట్టీని కొలిమి పక్కనున్న బూడిద గుంతలో పాతిపెట్టాడు. "నిన్న తప్పు నాదే. నీళ్ళు పెడితె ఇనుము పెళుసైతది. గిది బూడిదల మెల్లగ సల్లారాలె. పొద్దు వాలెదాక ఆగు."

పండరి గొణుక్కుంటూ అరుగెక్కాడు. కాసేపు మాట్లాడి, మాటల మధ్యనే నిద్రపోయాడు. భూమన్న అతని గురక వింటూ పక్కనే కూర్చున్నాడు. రెండుసార్లు లేచి బూడిదలో వేలు పెట్టి చూశాడు. పట్టీ చల్లబడ్డాక కూడా కాసేపు పండరిని లేపలేదు.

పొద్దు వాలుతుండగా బోల్టులు బిగిశాయి. పట్టీ చెక్కు చెదరలేదు. పండరి స్టీరింగు చక్రం ఇటు తిప్పి అటు తిప్పి, గట్టిగా నవ్వాడు. దిగి ముందు హ్యాండిలు కొట్టి ఇంజను లేపి, మళ్ళీ పైకెక్కి కూర్చుని తల బయటపెట్టాడు.

"సెడిపోతె మళ్ళ నీ దగ్గర్కే వస్తనన్నా."

భూమన్న ధోవతి కొంగుకు చేతులు తుడుచుకుంటూ ముందు చక్రాల వైపే చూశాడు.

"సెడిపోదు," అన్నాడు.

లారీ బిచ్కుంద దారి మలుపు దగ్గర నూనె రాసినంత సులువుగా తిరిగింది.