కంబన్న కళ్ళకు లైసెన్సు

కంబన్న తువ్వాలు కొనతో కంప్యూటర్ తెర తుడుస్తుండగానే లక్ష్మీనరసయ్య తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. తమ్ముడు రాఘవేంద్రప్రసాద్ ఉసూరుమంటూ వచ్చి అన్న పక్కనే గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. కర్నూలు పాతబస్తీలో ఆ విత్తనాల కొట్టు తెరిచిన వెంటనే రోజూ జరిగే తతంగం ఇదే. కొత్తగా వచ్చిన రైతు ఎవరైనా చూస్తే, ఈ వయసులో అన్నదమ్ములిద్దరికీ ఏ పంతులు శిక్ష వేశాడో అనుకోవాలి.

"చెప్పప్పా కంబన్నా," అన్నాడు పెద్దాయన గోడతో.

కంబన్న గొంతు సవరించుకున్నాడు. "ఆలూరు లేచి నిలబడినాది సామీ. నిన్న నడుముకాడ ఉండె, ఈ పొద్దు రొమ్ముకాడికి వచ్చినాది. కోడుమూరు యాడ ఉండెనో ఆడనే ఉండాది. కదల్లే, మెదల్లే."

"రాయచోటి?"

కంబన్న తెర మీది ఎర్ర కడ్డీ వంక చూశాడు. మనిషి చీలమండ ఎత్తు కూడా లేదు, పాపం.

"కూసోని ఉండాది సామీ. లేస్తాది."

ఏ ఊరి బ్రాంచిలో ఎంత అమ్ముడుపోయిందో రంగురంగుల కడ్డీల్లో చూపించే సాఫ్ట్‌వేర్ అది. బెంగళూరు కంపెనీవాళ్ళది. చూసే మనిషి ఒక్కొక్కరికీ ఒక్కో లైసెన్సు కొనాలన్నారు. ఒక్కదాని ధర వినేసరికే లక్ష్మీనరసయ్య గ్లాసుడు మంచినీళ్ళు తాగి, ఒకటి చాలు పొమ్మన్నాడు. ఆ ఒకటి ఎవరి పేరు మీద? అన్న పేరు పెడితే తమ్ముడు మూతి ముడుస్తాడు. తమ్ముడి పేరు పెడితే అన్న అన్నం ముట్టడు. ఇద్దరికీ పేచీ లేని పేరు కోసం వెతికితే వాకిలి దగ్గర స్టూలు మీద కునుకుతున్న కంబన్న దొరికాడు.

మీసాలు రాకముందే హమాలీగా ఆ కొట్టుకొచ్చిన మనిషి. వేరుశనగ మూటలు మోసి మోసి అతని కుడి భుజం ఎడమదానికంటే బెత్తెడు కిందికి దిగిపోయింది. చొక్కా ఏది తొడిగినా ఒక పక్క జారినట్టే ఉంటుంది. తర్వాత మోకాలు పోయింది. డాక్టరు బరువెత్తొద్దన్నాడు. పొమ్మనడానికి నోరు రాక, జీతం పెంచడానికి చెయ్యి రాక, పెద్దాయన అతణ్ణి వాకిలి దగ్గర కూర్చోబెట్టాడు.

లైసెన్సు అమ్మినవాడు పోతూ పోతూ, ఇది ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే చూడాలి, ఇంకొకరు చూస్తే ఒప్పందం తప్పినట్టే అని చెప్పాడు. ఎవరైనా నవ్వి ఊరుకునే మాట అది. లక్ష్మీనరసయ్య ఊరుకోలేదు. సంతకం పెట్టాక అది ఒట్టుతో సమానం, కంబన్న చూడాలి, మనం వినాలి అని తేల్చేశాడు. రాఘవేంద్రప్రసాద్ ఒకసారి తల దువ్వుకుంటున్నట్టు నటించి చేతి అద్దంలో తెర చూడబోతే, ఆ అద్దం కాస్తా పెద్దాయన బీరువాలోకి పోయింది.

అలా మూడేళ్ళ కింద కంబన్నకు కుర్చీ వచ్చింది, కుర్చీతో మర్యాదా వచ్చింది. మా ఆయనకు లైసెన్సు ఉండాది అని భార్య భీమక్క కోడుమూరంతా చాటింది. బ్రాందీ షాపుదేమోననుకుని సగం వీధి అరువు అడగడానికొచ్చింది.

ఆ లైసెన్సు గడువు ఈరోజు సాయంత్రంతో తీరిపోతుంది. కంపెనీవాళ్ళు ఇక ఒకటీ అరా అమ్మరట. తీసుకుంటే ఐదు తీసుకోవాలి, లేదా మానుకోవాలి.

"ఐదూ తీసుకుందాం అన్నా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్, గోడ మీది సున్నం గోకుతూ. "ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకోవచ్చు. నడుమ ఈయనెందుకు?"

ఆ ఈయన అక్కడే, మూరెడు దూరంలో కూర్చుని వింటున్నాడు. ఐదు కొంటే తన కుర్చీ పోయినట్టే. మూటల దగ్గరికి మోకాలు రానివ్వదు. వాకిలి దగ్గరికి పోదామంటే స్టూలు తీసేసి అక్కడ కెమెరా బిగించారు. అది కునకదు కూడా.

అయినా కంబన్న పెద్దగా బెదరలేదు. పెద్దాయన పిసినారితనం మీద అతనికున్న నమ్మకం ఏ దేవుడి మీదా లేదు. గదిలో ఇద్దరుంటే తప్ప ఫ్యాను వెయ్యని మనిషి, పెళ్ళిపత్రికల వెనకవైపు చీటీలు రాసుకునే మనిషి, ఒకటి సరిపోయేచోట ఐదు కొంటాడా? నవ్వొచ్చే మాట!

మధ్యాహ్నం జొన్నరొట్టె నములుతుండగా రాయచోటి బ్రాంచి చూసుకునే శివకుమారి ఫోన్ చేసింది. "కంబన్నా, ఈ పొద్దు నా గురించి ఏం చెప్తివి?"

"కూసోని ఉండాదంటిని తల్లీ."

"చల్లగుండప్పా. ఒక్క వాన పడనీ, లేపి నిలబెడతా."

కంబన్నకు రొట్టె రుచిగా అనిపించింది. రెండోది కూడా తిన్నాడు.

సాయంత్రం కంపెనీవాళ్ళు ఫోన్‌లో ఐదింటి ధర చెప్పారు. లక్ష్మీనరసయ్య కళ్ళు మూసుకున్నాడు. కంబన్న మనసులోనే దండం పెట్టుకున్నాడు. పెద్దాయన మంచినీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. అయిపోయింది, ఇక వద్దంటాడు అనుకుని కంబన్న కుర్చీలో వెనక్కి వాలాడు.

"కట్టెయ్‌రా," అన్నాడు పెద్దాయన.

తమ్ముడే నమ్మలేకపోయాడు. "నిజంగానా అన్నా?"

"మూడేండ్లుగా వింటాండా. ఆలూరు లేచిందంటాడు, కోడుమూరు అలిగిందంటాడు. ఒక్కసారి నా కండ్లతో సూడాలని శానా ఉండాదిరా. ఎన్ని దుడ్లయినా కానీ."

ఇంత బాగా ఎందుకు చెప్పానురా దేవుడా అని కంబన్న తన నోటిని తానే తిట్టుకున్నాడు.

డబ్బు కట్టడం అయింది. లక్ష్మీనరసయ్య ఎప్పుడూ లేనిది కుర్చీని తెరవైపు తిప్పుకున్నాడు. పంచె కొనతో కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఏదిరా?"

"ఇదే అన్నా."

"ఈ కడ్డీలా? ఇంతేనా?"

"ఇంతే."

పెద్దాయన తెరను కిందికీ పైకీ వెతికాడు. "ఆలూరు నిలబడినాదంటివే కంబన్నా?"

"పచ్చది సామీ. నిలబడే ఉండాది గదా."

"రాయచోటి కూసున్నది యాడ?"

కంబన్న వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి కింద ఎర్ర కడ్డీ పూర్తిగా దాక్కుంది. పెద్దాయన వేలునూ, వేలు పెట్టిన మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"మూడేండ్లూ ఇట్లనే ఉండిందా?"

"లేస్తాదని రోజూ చెప్తాంటి గదా సామీ."

లక్ష్మీనరసయ్య తిట్టలేదు. కళ్ళద్దాలు తీసేసి, "నువ్వు చెప్తాంటేనే బాగుండెప్పా," అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "దుడ్లు వెనక్కిస్తారేమో అడుగురా," అన్నాడు.

"ఇయ్యరన్నా. ఏడాదికి కట్టేసినాం."

ఇక చేసేదేముంది? కట్టింది రాబట్టుకోవాలని పెద్దాయన తన ఫోన్లో కూడా అది ఎక్కించమన్నాడు. తలలు రెండూ ఫోన్ల మీదికి వంగాయి. కంబన్న క్యారియర్ సర్దుకున్నాడు. రేపట్నుంచి రానని చెప్పాలి. ఏం పని చెయ్యను సామీ అని అడగాలనీ ఉంది. ఒకవేళ ఊరికే కూర్చోమంటే? ఉత్తినే కూర్చోవడానికి మనసొప్పలేదు.

"పొయ్యొస్తా సామీ," అన్నాడు.

"ఊఁ," అన్నారు ఇద్దరూ తలెత్తకుండానే.

మూడేళ్ళు ఇద్దరూ తన నోటిమాట కోసం చెవులు రిక్కించారు, ఈరోజు వీడ్కోలుకు ఒక్క చూపు కరువైంది. కంబన్నకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడ్డం లేదు కాబట్టి ఆపుకోకుండా ఏడ్చుకుంటూనే మెట్లు దిగి, కోడుమూరు బస్సెక్కాడు.

లోపల రాఘవేంద్రప్రసాద్ పేర్లు ఎక్కిస్తున్నాడు. "నువ్వు, నేను, రాయచోటి శివకుమారి, ఆలూరు రంగస్వామి. ఐదోది ఖాళీ అన్నా."

"దుడ్లు కట్టి ఖాళీగా పెడతారా ఎవరన్నా? కంబన్న పేరు రాయి."

"ఆయనెందుకన్నా, అందరం చూస్తాంటే?"

"మనకు సూసేది మాత్రమే వచ్చురా. రాయమంటే రాయి." కంబన్నకు ఆ మాట చెబుదామని తలెత్తితే అక్కడ కుర్చీ ఒక్కటే ఉంది.

రాత్రి కొట్టు మూసేవేళకు తెర మీద నాలుగు పేర్ల పక్కన, వాళ్ళు చేరినట్టుగా, పచ్చచుక్కలు వెలిగాయి. ఐదో పేరు కంబన్నది, దాని పక్కన బూడిదరంగు చుక్క, చుక్క పక్కన సన్నటి అక్షరాలు: పిలుపు పంపాం, ఇంకా రాలేదు.