పందొమ్మిదో వారం

నేను ఒక బైండు పుస్తకాన్ని. అచ్చాఫీసులో పుట్టి, మెరిసే అట్ట వేయించుకుని, షాపు అద్దాల వెనక దర్జాగా కూర్చునే జాతి కాదు నాది. చీరాలలో, పేరాల వైపు వెళ్లే దారిలో, ఒక లేడీస్ టైలరు మిషను పక్కన పుట్టాను. ఆడపిల్లల్ని చెడగొట్టే పుస్తకమని నలభై ఏళ్లుగా నాకు పేరుంది. ఆ పేరు గురించి ఇన్నాళ్లూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పుకోను. జరిగింది చెబుతాను. ఆ తర్వాత మీ ఇష్టం.

నన్ను కన్నతల్లి పేరు సామ్రాజ్యం. జాకెట్లు కుట్టేది. వారపత్రిక వచ్చే గురువారం నాడు మధ్యాహ్నం దాకా ఆమె మిషను తిరిగేది కాదు. ముందు సీరియల్ చదవాలి. చదివాక పిన్నులు ఊడదీసి, ఆ నాలుగు కాగితాలనూ చిరగకుండా విడదీసి కత్తెర్ల సొరుగులో పెట్టేది. ఆ రోజుల్లో ఇలా సీరియళ్లు దాచుకోని వీధి లేదు. కథ పూర్తయ్యాక అందరూ ఆ కాగితాల కట్టను బైండరుకు ఇచ్చేవారు. సామ్రాజ్యానికి బైండరుతో పనేముంది? వారాలన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి, గోనెసంచులు కుట్టే దారంతో బిగించి తనే కుట్టింది. పైన ఊదారంగు గుడ్డతో అట్ట వేసింది. ఆ గుడ్డ ఎవరి జాకెట్టులోదో చెప్పను. పాపం ఆవిడ, బట్ట చాలలేదంటే నమ్మి పొట్టిచేతులు కుట్టించుకుని వెళ్లింది.

ముప్ఫై ఒక్క వారాల సీరియల్లో పందొమ్మిదో వారం ఒక్కటే నాలో లేదు. దాన్ని ఒకావిడ రేపిస్తానని పట్టుకెళ్లి, నరసరావుపేటలో పెళ్లికి పోయి, అక్కడే వదిలేసి వచ్చింది. సామ్రాజ్యం నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఎప్పటికైనా దొరికితే అంటించుకోవచ్చని, కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఎనిమిది తెల్లకాగితాలు చించి ఆ చోట కుట్టింది. అలా పుట్టుకతోనే నా కడుపులో ఖాళీ ఉంది. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకది చాలా సిగ్గుగా ఉండేది.

నాలో ఉన్న కథ పేరు ‘పగడాల వాన’. కథానాయిక మధూలికకు పద్దెనిమిదేళ్లు. ఆ వయసు పిల్ల ఎలా ఉంటుందో కథ రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మధూలిక నడవదు, పరుగెత్తుతుంది. పరుగెత్తినప్పుడల్లా ఎవరికో ఒకరికి తగిలి పుస్తకాలు పడేస్తుంది. మెడిసిన్ చదువుతోందని రాశారు గానీ, పడేయడానికి తప్ప పుస్తకం ముట్టుకోగా నేను చూడలేదు. నాయకుడి పేరు శ్రీకర్. పెద్ద కాఫీ తోట, చిన్న చిన్న మాటలు, పొడవాటి కారు. పద్దెనిమిదో వారం చివర అతను మధూలికను బస్టాండులో అందరి ముందూ చెంపమీద కొడతాడు. ఇరవయ్యో వారం మొదట్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుని అతనికి స్వెట్టరు అల్లుతూ ఉంటుంది. మధ్యలో ఏమైందో నన్ను చదివిన పిల్లలకు తెలిసే వీలు లేదు. సామ్రాజ్యాన్ని అడిగితే, “ఏముంటది, అది ఏడ్చుంటది, వాడు కళ్లు తుడిచుంటాడు” అని సూదిలో దారం ఎక్కించుకునేది.

ఇంటర్ చదివే ఆడపిల్లలు నన్ను కుట్టని జాకెట్టు గుడ్డల్లో చుట్టి ఇళ్లకు తీసుకెళ్లేవారు. వాళ్లమీద నా ప్రభావం లేదని బుకాయించను. నన్ను చదివిన వారం లోపల మధూలికలా కింది పెదవి కొరకడం వచ్చేసేది. ఒకమ్మాయి నిర్మానుష్యంగా ఉన్న రోడ్డుమీద, ఎవరూ తగలకుండానే, పుస్తకాలు కింద పడేసుకుని చుట్టూ చూసింది. అప్పుడు నేను నవ్వుకున్నాను. ఇందుమతి వచ్చిన రోజు మాత్రం నవ్వు రాలేదు.

ఇందుమతి ఆ ఏడే ఇంటర్ పూర్తిచేసింది. హుక్సులు కుట్టించుకోవడానికి వచ్చి బల్లమీద కూర్చుంది. ఎడమ చెంప కంది ఉంది. పక్కన ఆమె స్నేహితురాలు భ్రమరాంబ. చెంపకేమైందని భ్రమరాంబ అడిగింది. కొన్నాళ్లుగా తన వెంట తిరుగుతున్న కుర్రాడు కొట్టాడని ఇందుమతి గొంతు తగ్గించి చెప్పింది.

“కొట్టాడంటే నామీద అంత ఇదుందన్న మాటేగా. మధూలిక కూడా ముందు ఏడవలా?” అంది.

ఆ మాట అంటూ ఇందుమతి కింది పెదవి కొరికింది. అది నేను నేర్పిన కొరుకుడే. నా పేజీలు నాకే బరువయ్యాయి. అచ్చులో ఉన్న మాటను నోరు తెరిచి కాదనే వీలు పుస్తకానికి లేదు. భ్రమరాంబ చాలాసేపు ఆ చెంప వైపు చూసింది. వెళ్లేటప్పుడు నన్ను గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లింది.

భ్రమరాంబ తండ్రి మార్కండేయులు గారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. నవలలంటే ఆయనకు ఒళ్లుమంట. వారపత్రిక చదివే పిల్లను చూస్తే, అదిగో చెడిపోయింది అని అక్కడికక్కడే తీర్పు చెప్పేవారు. ఆయన పాఠం చెప్పే పాత పద్యాల్లో నాయికకు పదహారేళ్లే. ఆమెను తల దగ్గర మొదలుపెట్టి కాలిగోటి దాకా వర్ణిస్తారు. ఆ పిల్ల మనసులో ఏముందో ఒక్క పద్యంలోనూ ఉండదు. ఆ వర్ణన దగ్గరికొచ్చేసరికి మాస్టారు గొంతు సవరించుకుని, ఇవి పరీక్షకు రావని నాలుగు పేజీలు తిప్పేసేవారు. తిప్పేసిన ఆ పేజీలనే పిల్లలు మొదట చదివేవారని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పుస్తకం సిలబస్సు, నేను చెత్త. మా ఇద్దరి మధ్య తేడా చాలాకాలం ఆలోచించాను. దానికి టీకా తాత్పర్యం ఉంది, నాకు లేదు.

అయినా ఆయన చెడ్డవాడు కాదు. కూతురు గుంటూరులో బీఎస్సీ లెక్కలు చదువుతానంటే, వాళ్ల ఇంట్లో ఊరు దాటి చదివిన ఆడపిల్ల లేకపోయినా, సరేనన్నారు. కాలేజీ దరఖాస్తు తెచ్చారు. అన్నీ నింపారు. ఆయన సంతకం ఒక్కటే మిగిలింది. బుధవారం ఆఖరు తేదీ.

ఆదివారం పొద్దున భ్రమరాంబ తల్లితో చుట్టాలింటికి వెళ్లింది. దరఖాస్తుకు జతచేయాల్సిన మార్కుల జాబితా కోసం మాస్టారు ఆమె ట్రంకుపెట్టె తెరిచారు. అడుగున నేనున్నాను. పది రోజులుగా ఒకే చోట తెరుచుకోవడం అలవాటై, ఆయన చేతిలోనూ అక్కడే తెరుచుకున్నాను. ఆ తెల్లకాగితాలు ఇప్పుడు తెల్లగా లేవు. కూతురి చేతిరాత ఆయన గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు?

“శ్రీకర్, నిన్న బస్టాండులో నువ్వు నన్ను కొట్టావు” అని మొదలైంది.

తెలుగు మాస్టారు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయారు. ముందు వెనకల అచ్చు కాగితాలున్నాయన్న సంగతే ఆయన కంటికి ఆనలేదు. నన్ను చేతిసంచిలో కుక్కి నేరుగా బస్టాండుకు నడిచారు. శ్రీకర్ అనేవాడు ఎవడని సోడాబండి వాణ్ని అడిగారు, రిక్షావాళ్లను అడిగారు, టైమ్ కీపరును అడిగారు. రెండు గంటల గాలింపులో ఆ పేరుగలవాడు ఊరంతటికీ ఒక్కడే తేలాడు. హోమియో డాక్టరు గారి అబ్బాయి. వాడికి ఆరేళ్లు.

ఇంటికొచ్చి, దరఖాస్తు మడిచి అలమారలో పెట్టి తాళం వేశారు. భ్రమరాంబ గుమ్మంలో అడుగుపెట్టగానే, “గుంటూరూ లేదు గింటూరూ లేదు. వాడెవడో చెప్పు” అన్నారు.

“అది కథ నాన్నా.”

“అచ్చు కథకు నీ చేతిరాతెందుకే?”

ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. చివరికి నా ఊదారంగు అట్ట చూసి ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో భార్య చెప్పింది. కూతుర్ని వెంటబెట్టుకుని, నన్ను చంకలో పెట్టుకుని ఆయన సామ్రాజ్యం దగ్గరికి వచ్చారు.

సామ్రాజ్యం నన్ను తెరిచి చూసింది. చేతిరాత చూసింది, పిల్ల ముఖం చూసింది, సంగతి గ్రహించింది. ఆడపిల్లల్ని గట్టెక్కించడంలో ఆమెకు అనుభవం ఎక్కువ.

“ఓస్, ఇదా మాస్టారూ. పందొమ్మిదో వారం తప్పిపోయింది. ఎవరి దగ్గరో దొరికితే పిల్ల చూసి ఎక్కించింది. శ్రీకర్ సీరియల్లో ఈరో” అంది.

మాస్టారు ముందు వెనకల పేజీలు తిప్పారు. శ్రీకర్ అక్కడ అచ్చులో ఉన్నాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. “అయితే ఎత్తిరాసిందేనా?” అని కూతుర్ని అడిగారు. గొంతులో బతిమాలుకుంటున్నట్టే ఉంది.

అవునంటే అయిపోయేది. ఆ సాయంత్రమే అలమార తాళం తెరుచుకునేది, సంతకం పడేది, గుంటూరు వచ్చేసేది. అవునను తల్లీ అని నేను దారాలన్నీ బిగపట్టుకున్నాను.

“ఎత్తిరాయలేదు నాన్నా. నేనే రాశాను” అంది భ్రమరాంబ.

సామ్రాజ్యం నుదురు కొట్టుకుంది.

“నీకెందుకే ఈ రాతలు?”

“కొట్టినవాడికి స్వెట్టరు అల్లేదాకా అందరం చదివాం నాన్నా. ఇందు చెంప కందిపోతే అది ప్రేమనుకుంది. మధూలిక మాట్లాడుంటే ఇందు అలా అనుకునేది కాదు. ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి, అందుకని మాట్లాడించాను.”

“ఆ పేజీలు చింపెయ్. రేపే సంతకం పెడతా.”

భ్రమరాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంటూరంటే ఆ పిల్లకు ప్రాణం. “చింపను” అంది.

ఆయన తనే చింపబోతుంటే సామ్రాజ్యం నన్ను లాక్కుని మిషను కింద పెట్టింది. “పుస్తకం నాది మాస్టారూ. కుట్టు విప్పాలంటే నేను విప్పాలి. నేను విప్పను” అంది. మాస్టారు గుమ్మం దిగి వెళ్లిపోయారు. ఆయన వెనక, పది అడుగుల దూరంలో, భ్రమరాంబ.

సోమవారమంతా నాకు మనసు మనసులో లేదు. నన్ను చదివి ఒకతె చెంపదెబ్బను ప్రేమనుకుంది, నాలో రాసి మరొకతె చదువు పోగొట్టుకుంది, మాస్టారన్నదే నిజమా అనిపించింది. మంగళవారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు ముందే ఆయన ఒక్కరే వచ్చారు. ఏదీ ఆ పుస్తకం అన్నారు. చింపనని మాటిస్తేనే అంది సామ్రాజ్యం. ఆయన బల్లమీద కూర్చుని, జేబులోంచి ఎర్రపెన్ను తీసి, పద్దెనిమిదో వారం మొదటినుంచీ చదవడం మొదలుపెట్టారు. చెంపదెబ్బ దగ్గర ముఖం చిట్లించారు. తర్వాత కూతురి చేతిరాత వచ్చింది.

“శ్రీకర్, నిన్న బస్టాండులో నువ్వు నన్ను కొట్టావు. అది ప్రేమేనని చెప్పడానికి మా అత్తయ్య వచ్చింది. నా చెంప ఇంకా మండుతోంది, దానికి ఆమె మాట వినిపించలేదు. కొట్టినందుకు నువ్వు కుమిలిపోతున్నావని నీ స్నేహితుడు చెప్పాడు. కుమిలిపో. నాకు ఎల్లుండి అనాటమీ పరీక్ష ఉంది. ఈ ఏడాదిలో మొదటిసారి పుస్తకం తెరిచాను. చదువుతుంటే బాగుంది. ఇంతకాలం నేను ఎందుకు పరుగెత్తానో తెలియదు. ఇకనుంచి నడుస్తాను. నా దారిలో నిలబడకు.”

ఇలా పన్నెండు పేజీలు. ఆయన అన్నీ చదివారు. ఎర్రపెన్ను మూత తీశారు గానీ ఎక్కడా గీత పెట్టలేదు. ఆ తర్వాత ఇరవయ్యో వారం తిప్పారు. మధూలిక కిటికీ దగ్గర స్వెట్టరు అల్లుతోంది. ఒక పేజీ చదివారు, రెండో పేజీ సగంలో ఆగారు. వెనక్కి తిప్పి కూతురు రాసిన చివరి పేజీ చూశారు. మళ్లీ ముందుకు తిప్పారు.

“ఇదేంటి సామ్రాజ్యమ్మా? అంత మాటన్న పిల్ల మళ్లీ స్వెట్టరు అల్లడమేంటి? కుదరలేదు” అన్నారు.

“అచ్చులో అట్టాగే ఉంది మాస్టారూ.”

“అచ్చులోదే తప్పు.”

ఆ మాటతో నా జన్మ తరించింది. ఆయన చొక్కా జేబులోంచి మడతలుపడ్డ దరఖాస్తు తీశారు. ఆమె బట్టలు కత్తిరించే బల్లమీద పరిచి, ఆ ఎర్రపెన్నుతోనే సంతకం పెట్టబోయి, నాలుక్కరుచుకుని, సామ్రాజ్యాన్ని నీలం పెన్ను అడిగి పెట్టారు.

భ్రమరాంబ గుంటూరు వెళ్లింది. లెక్కలు చదివింది, లెక్కలు చెబుతోంది. కథలు రాసిందా అని అడుగుతారని తెలుసు. రాయలేదు. రాయకపోతేనేం? ఇందుమతి ఆ పన్నెండు పేజీలూ చదివి, నాలుగో రోజు వెంటబడ్డవాణ్ని వీధి మలుపులో నిలబెట్టి “నా దారిలో నిలబడకు” అన్న వాక్యం అప్పజెప్పింది. ఆ తర్వాత నన్ను తీసుకెళ్లిన ప్రతి పిల్లా పందొమ్మిదో వారం మాత్రం చదివి ఇరవై వదిలేసేది. కొందరు మిగిలిన కాగితాల్లో తమ ముక్క కలిపారు. ఒకతె మధూలికకు సైకిలు నేర్పింది. ఒకతె శ్రీకర్ చేత క్షమాపణ చెప్పించింది. ఇంకొకతె అతణ్ని ఆ కాఫీ తోటలోనే వదిలేసి ఊరుకుంది.

ఇప్పుడు నేను అదే షాపులో, అడుగు సొరుగులో, గుడ్డముక్కల కింద ఉన్నాను. షాపు సామ్రాజ్యం మేనకోడలిది. దారం వదులైంది, ఊదారంగు వెలిసిపోయింది. నన్ను తిట్టిన నోళ్లు ఆ తర్వాత సినిమాను తిట్టాయి, టీవీని తిట్టాయి, ఇప్పుడు ఫోన్ను తిడుతున్నాయి. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన తల్లులు బల్లమీద కూర్చుని, పక్కన ఫోను చూసుకునే కూతుర్ని చూపించి, చెడిపోతోందండీ అంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురి చేతిరాత నాలో ఉంది. నేను బయటపెట్టను.

మేం పిల్లల్ని మార్చలేదని నేను అనను. మారుస్తాం. పెదవి కొరకడం నేర్పుతాం, చెంపదెబ్బను ముద్దు చేస్తాం. అయితే పిల్లలు మేం పోసినదల్లా పట్టే గిన్నెలని మాత్రం ఒప్పుకోను, మాస్టార్లు వంద మంది వచ్చినా ఒప్పుకోను. తగలబెడతానంటే తగలబెట్టండి. ముందు ఒక్కసారి నా నడిమి పేజీలు తెరిచి చదవండి. ఆ ఫోనును కూడా నేనడిగేది ఒక్కటే, నీలో ఆ పిల్ల రాసుకోవడానికి ఖాళీ ఉందా అని.

నాలో ఇంకా ఒకటిన్నర పేజీ ఉంది.