తల్లి చిలక

“ఏమ్మే అమరావతీ, ఇంత లావుగా తరగతాండావే ఆకు! పురుగుల గొంతులో పట్టుకోదా?” అంది మా అత్త రెడ్డెమ్మ, గడప మీద కూర్చుని వక్క కొరుకుతూ.

చెయ్యి లేవడం లేదు మరి. మల్బరీ ఆకు కట్టను ఎడమచేత్తో అదిమిపట్టి కుడిచేత్తో కత్తి ఆడించాలి. ఎడమ రొమ్ములో రేగుకాయంత గడ్డ కనిపించి ఏడు నెలలైంది. ఇప్పుడది నిమ్మకాయంత. అది చంకలోకి లాగుతుంది, చెయ్యి మొద్దుబారుతుంది. మా అమ్మకూ ఇదే వచ్చింది, ఇల్లంతా వాసనని పశువుల కొట్టంలో పడుకోబెడితే అక్కడే పోయింది. అందుకే నోరు విప్పలేదు నేను. మా ఆయన వెంకటేశులు నన్ను మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయాడంటే నా నొప్పి చూడలేక అనుకునేరు, అబ్బే! రోజుకు ఐదుసార్లు తరగాల్సిన ఆకు నాలుగుసార్లే తరుగుతున్నానని. యుద్ధంలో విమానాల నుంచి దూకేవాళ్లకు పట్టుగుడ్డ కావాలట, పట్టుగూళ్లకు ఎన్నడూ లేని గిరాకీ. మా ఇంట్లో నలభై తట్టల పురుగులు, వాటికి మేత వేసే చేతులు నావి.

డాక్టరమ్మ నొక్కి చూసి, చంక కింద తడిమి, “ఈ నెల దాటకుండా కోసెయ్యాలి” అంది. ఎందుకొచ్చిందని ఆయన అడిగాడు. ఆమె మా అమ్మ సంగతి విని, అమెరికాలో ఎలుకల మీద ఏదో కనిపెట్టారని చెప్పింది. రొమ్ము గడ్డలొచ్చే తల్లి ఎలుక పాలల్లో, భూతద్దానికి కూడా ఆనని సూక్ష్మమైనదేదో ఉందట. ఆ పాలు తాగిన ఆడపిల్లలకు పెద్దయ్యాక అవే గడ్డలొస్తున్నాయట. “అది ఎలుకల్లో. మనుషుల్లో అట్లా ఉందో లేదో ఇప్పటికి ఎవరికీ తెలియదు. ఈ మాట పట్టుకుని ఎవరికీ పాలు మాన్పించకండి” అని రెండుసార్లు చెప్పింది. తెర వెనక రవిక ముడి వేసుకుంటూ నేను విన్నాను. ఆయనా విన్నాడు. కానీ పుంగనూరు వచ్చే, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో ఆయనకు ముందు సగమే గుర్తుంది.

ఎందుకుండదు? ఆయనకు లోకంలో క్షుణ్ణంగా తెలిసింది పట్టుపురుగు ఒక్కటే. కుప్పంలో గుడ్లు అమ్మే ఆసామి దగ్గర చూసొచ్చి పదేళ్లుగా ఊరందరికీ చెబుతున్నాడు. గూడు చీల్చుకుని వచ్చిన రెక్కల పురుగును మేము చిలక అంటాం. తల్లి చిలక గుడ్లు పెట్టగానే దాన్ని కల్వంలో నూరి, ఆ నలుసును భూతద్దం కింద పెట్టి చూస్తారు. రోగం చుక్క కనిపించిందా, ఆ తల్లి పెట్టిన గుడ్లన్నీ నిప్పుల్లో పోస్తారు. ఇంటికి రాగానే మా అత్తతో అన్నాడు: “తల్లి చిలకకు రోగముండాదమ్మా. గుడ్లు కూడా అంతే.”

గుడ్లంటే మా కమలాక్షి. నా పెద్దకూతురు, పదిహేడేళ్లది, మొదటి కాన్పుకు మా ఇంటికొచ్చింది. అప్పటికి దాని ఒళ్లో పదమూడు రోజుల ఆడబిడ్డ. ఆ సాయంత్రమే మా అత్త బిడ్డను లాక్కుని, కమలాక్షి రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కట్టింది, పాలు ఇంకిపోవడానికి. చచ్చిన బిడ్డల తల్లులకు కడతారు అట్లా. నా మనవరాలు బతికే ఉంది, పక్కగదిలో గుక్కపట్టి ఏడుస్తోంది, మా అత్త గిన్నెలో ఆవుపాలకు రెండింతలు నీళ్లు కలుపుతోంది. డాక్టరమ్మ వద్దందని చెప్పాను. “నీకేం తెలుసే, నేను అద్దంలో కండ్లారా సూసినోణ్ని” అన్నాడాయన. మరి నా ఆపరేషన్? “పంట అయినంక సూస్తాంలే. ఇరవయ్యారు రోజులు ఓర్చుకోలేవా?”

ఇంతకీ అంత రోగిష్టిదాన్ని పురుగుల గదిలోకి రానివ్వకూడదు కదా? అబ్బో, ఆ నియమం లేదు! బయట చేరిన మూడు రోజులూ గడప తొక్కనివ్వరు గానీ, ఈ గడ్డతో రోజుకు ఐదుసార్లు రావచ్చు. నా పాలు పనికిరావు, చేతులు మాత్రం పనికొస్తాయి.

ఆస్పత్రికి పోయొచ్చి ఎనిమిది రోజులైంది. పురుగులు రెండో జ్వరం లేచాయి. అవి పొర విడిచి లేవడాన్ని జ్వరం లేవడమంటాం. లేచినవి ఆవురావురుమని తింటాయి. ఆయన తట్ట తట్టకూ వంగి, “ఇది నీరసంగా ఉండాది, లేతాకు వెయ్” అంటున్నాడు. ఒక్క పురుగు తల వాల్చినా ఆయనకు తెలుస్తుంది. బిడ్డకు ఐదు రోజులుగా నీళ్ల విరేచనాలు. ఈ పొద్దున చూస్తే నడినెత్తి గుంటపడింది, ఏడవడం కూడా మానేసింది, ఊరికే నోరు తెరుస్తోంది.

కత్తి పక్కన పెట్టాను. బిడ్డను తీసుకుపోయి కమలాక్షి ముందు కూర్చున్నాను. గదంతా వాడిన మల్లెపూల వాసన. గుడ్డ పాలతో తడిసి అట్టకట్టింది.

“పాలియ్యి తల్లీ. దీనికి ఇంక పొద్దు లేదు.”

అది గోడకు జరిగింది. “వద్దమ్మా. నీ పాలు తాగినందుకు నాకు రాసిపెట్టిందేదో నాకొస్తాది. దీనికి యాల?”

ఆ మాట గడ్డ కంటే ఎక్కువ నొప్పెట్టింది. నన్ను చూడలేదది, చూరు చూస్తోంది. నేనే పెంచిన పిల్ల, పదిహేడేళ్లకు నేనంటే భయపడుతోంది. ఎలుకల సంగతి నిజమో కాదో డాక్టరమ్మకే తెలియదు, నాకేం తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా నా ఒళ్లో బిడ్డ ఆకలికి చస్తోందని.

“పురుగులు తలలెత్తి సూస్తాండాయి, నువ్వీడ కూర్చుంటివా?” అంటూ ఆయన వచ్చాడు. వెనకే మా అత్త.

“ఒక్క మాట అడుగుతా చెప్పండి” అన్నాను. “కమలాక్షి నా పాలు తాగింది ఏడాది. గంగులప్ప తాగింది మూడేండ్లు.” గంగులప్ప మా కొడుకు, పన్నెండేళ్లవాడు, అప్పుడు అరుగు మీద వేరుశనక్కాయలు తింటున్నాడు. “రోగం గుడ్లు కాల్చాలంటిరి గదా. వాణ్నేం చేస్తారు?”

ఆయన నవ్వాడు, నిజంగానే నవ్వాడు. “వాడు మగోడు గదే! వానికేమయితాది?”

“కుప్పంలో అద్దం కింద అట్లా చెప్పినారా? మగ గుడ్లను ఏరి పక్కన పెట్టినారా?”

వెనక గుడ్డ చిరిగిన చప్పుడైంది. కమలాక్షి ముడి విప్పే ఓపిక లేక పళ్లతో చించేసింది. నల్లబడిన మల్లెపూలు ఒళ్లోంచి నేల మీద పడ్డాయి. బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది. దానికి మొదట చీకే శక్తి లేదు. కమలాక్షి పాలు పిండి పెదాల మీద పోసింది. ఒక చుక్క, ఇంకో చుక్క. తర్వాత చిన్న గొంతు కదిలింది. బతుకుతుందో లేదో చెప్పలేను. కానీ మింగింది.

“రేపు పొద్దున్నే మదనపల్లె పోతాం, ముగ్గురం. నేను కోయించుకుంటాను, బిడ్డను చూపిస్తాను” అన్నాను.

“పంటో?” అన్నాడాయన.

చాపమీది కత్తి తెచ్చి మా అత్త ముందు పెట్టాను.

“ఆకు సన్నంగా తరుగు అత్తా. లావైతే పురుగుల గొంతులో పట్టుకుంటాది.”