పక్కటెముకకు ఆనిన మోచెయ్యి

చేతి వణుకు తగ్గించడానికి తలకు చట్రం బిగించి, మెలకువగా ఉన్న మనిషి మెదడులోకి కరెంటు తీగ దించుతున్నారు. డాక్టరమ్మ చెప్పగానే, సెలూన్ నడిపే ఆ పెద్దాయన కుడిచెయ్యి ఎత్తాడు. వణకలేదు.

"బాగా తగ్గిందే! తీగ ఇక్కడే బిగించేద్దాం," అంది డాక్టరమ్మ.

నాలుగు గంటలుగా కదలని నడుము అమ్మయ్య అనుకుంది. అంతలోనే ఆయనకు తెలిసొచ్చింది. మోచెయ్యి పక్కటెముకకు నొక్కి ఉంది! కస్టమర్ల కళ్లు కప్పడానికి ఆరేళ్లుగా అలవాటైన విద్య అది. అలా నొక్కితే వణుకు కాసేపు అణుగుతుంది. చెబితే కథ మళ్లీ మొదటికి. నోరు మూసుకుంటే గంటలో వార్డులో మంచం మీదికి.

"ఆగమ్మా! అది మీ కరెంటు గొప్ప కాదు, నా దొంగబుద్ధి," అని మోచెయ్యి వదిలేశాడు. చెయ్యి గడగడలాడింది.

డాక్టరమ్మ తీగను వెంట్రుకవాసి దించింది.

"ఇప్పుడు ఎత్తండి బాబాయ్."

ఎత్తాడు. మోచేతికి ఏ ఆసరా లేదు. కత్తి పట్టినట్టు ముడిచిన వేళ్లు అలాగే నిలబడ్డాయి. ఆయన వాటినే చాలాసేపు చూశాడు.

"పొద్దున నా గుండు గీసిందెవరమ్మా? చెవి వెనక అన్నీ గాట్లే. నా దగ్గరికి పంపు, నేర్పిస్తా."