మూడుసార్లు ఎంచిన పొట్టేలు

కేతేపల్లి చుట్టుపక్కల గొర్రెలున్న ఏ ఇంటికైనా వెళ్లి అడగండి, విత్తనపు పొట్టేలును ఎంచడంలో సుక్కమ్మ తర్వాతే ఎవరైనా అంటారు. అనకపోతే ఆ ఇంటివాళ్లకు గొర్రెల సంగతి సరిగ్గా తెలియదన్నమాట. ఏటా మందలో పుట్టిన మగపిల్లల్లో ఒక్కదాన్ని ఉంచుకొని మిగతావన్నీ సంతకు తోలేస్తారు. ఆ ఒక్కటి ఎట్లాంటిదైతే వచ్చే మూడు నాలుగేండ్లు పుట్టే పిల్లలన్నీ అట్లాంటివే. మంచిది సంతకు పోయి పనికిరానిది ఇంట్లో మిగిలిందా, ఇక ఏండ్ల తరబడి తల పట్టుకోవడమే.

సుక్కమ్మది మూడిండ్ల గొర్రెలు కలిసిన మంద. సుక్కమ్మ భర్త పోయేనాటికి ఆమెకు నలభై ఆరేండ్లు. ఆడమనిషి మంద వెంట ఏం తిరుగుతుందిలే అని నవ్వినవాళ్లే రెండేండ్లు తిరిగేసరికి తమ పొట్టేళ్లను పట్టుకొచ్చి చూడమని ఆమె వాకిట్లో నిలబడ్డారు. అప్పటి నుంచి ముప్పై ఏండ్లు ఆమె చెప్పిందే మాట. సర్కారు గొర్రెలు పంచిన ఏట లారీలో వచ్చిన పొట్టేలును కూడా ఆమె ఒకసారి అటూ ఇటూ నడిపించి, ఇది మన రాళ్లల్లో నిలవదని చెప్పి పక్కన పెట్టింది. పశువుల డాక్టరు మొదట చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఆ వేసవి గడిచాక ఆయనే వచ్చి ఎట్లా చెప్పావని అడిగి తెలుసుకున్నాడు.

అంతటి మనిషికి నిరుటి నుంచి మరుపు మొదలైంది. మొదట్లో ఇంట్లోవాళ్లు నవ్వుకున్నారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. నకిరేకల్‌లో బస్సు దిగి, ఎందుకు దిగిందో గుర్తురాక మధ్యాహ్నం దాకా బస్‌స్టాండులో కూర్చుంది. ఆ తర్వాత ఇక నవ్వడానికి వీల్లేకుండా పోయింది. పొద్దున కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపిన గొర్రెపిల్లలకే సాయంత్రం మళ్లీ తాపింది. రెండు పిల్లలు చచ్చిపోయాయి. అవి రఘుపతివి.

రఘుపతి సుక్కమ్మ మరిది కొడుకు. మందలో వాళ్ల గొర్రెలూ ఉన్నాయి. చెడ్డవాడేం కాదు, కాకపోతే మనసులో మాట కడుపులో దాచుకునే రకం కాదు. వానలు మొదలై పొట్టేలును ఎంచే రోజులు వచ్చేసరికి కరెంటు తూకం ఒకటి కొనుక్కొచ్చాడు.

"పెద్దమ్మా, ఈ ఏడు నువ్వు జర కూసో. ఏది ఎక్కువ తూగితే గదే పొట్టేలు. మతి తప్పిన మనిషి మాట మీద మూడిండ్ల మందను పెట్టలేం" అన్నాడు వాకిట్లో నిలబడి, నలుగురూ వింటుండగా.

సుక్కమ్మ కొడుకు వంక చూసింది. కొడుకు దామోదర్‌కు యాభై ఏండ్లు. ఆ ఒక్క చూపుకు అతను ఏదో ఒకటి అనాల్సింది. తల్లి తప్పని అనలేడు, రఘుపతి తప్పని అనడానికి చచ్చిన రెండు పిల్లలూ అడ్డం వచ్చాయి. తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం గురించి అతను తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. పొద్దుగూకే వేళ కొడుకును పిలిచింది.

"మందు రెండుసార్లు తాపింది నేనే. కాదంటలేను. గని నా మతి తప్పిందని ఎవడు కొలిచిండు? కొలిచెటోళ్లు ఉంటే గక్కడికి తోల్కపో. వాళ్లు పనికిరావంటే నేనే పక్కకు జరుగుత. రఘుపతి జరగమంటే మాత్రం జరగ."

దామోదర్ వాకబు చేశాడు. నల్లగొండలో పెద్దవాళ్ల మతిమరుపును పరీక్ష చేసే ప్రణీత అనే ఆమె ఉందని తెలిసింది. ఆమె మందులిచ్చే డాక్టరు కాదట, మనసూ మెదడూ ఎట్లా పనిచేస్తున్నాయో పరీక్షలు పెట్టి చూస్తుందట. తల్లిని అక్కడికి తీసుకెళ్లి చూస్తే ఆమె వయసు ముప్పై దాటినట్టు లేదు. ఇంత చిన్నపిల్ల తన తల్లిని కొలుస్తుందా అనుకున్నాడు దామోదర్.

ప్రణీత ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపటికి అడిగితే సుక్కమ్మకు ఒక్కటే గుర్తుంది. తారీఖు అడిగితే "తొలకరి పడి పదునైదు దినాలు" అంది. గడియారం బొమ్మ గీయమంటే పెన్ను కింద పెట్టి, "నేనెన్నడు గడియారం చూడలె బిడ్డా, గిప్పుడు చూసినట్టు నటించమంటవా?" అని అడిగింది. ప్రణీత నవ్వి ఆ కాగితాన్ని పక్కన పెట్టింది.

"సరే అవ్వా. ఒక నిమిషంల నీకు తెల్సిన జంతువుల పేర్లు ఎన్ని చెప్తవో చెప్పు."

"బొల్లిది" అని మొదలుపెట్టింది సుక్కమ్మ. "నల్లమూతిది. తోకమొండిది. జంటల తల్లి. ఎర్రమచ్చది. వాగుల పడ్డది. చెవులు లేనిది. పెద్ద పొదుగుది..." ఆగలేదు, తడుముకోలేదు. కళ్లు సగం మూసుకుని, మంద తన ముందు నుంచి నడిచిపోతున్నట్టే చెప్పుకుంటూ పోయింది. నిమిషం అయిపోయిందని ప్రణీత చేయెత్తినా ఇంకో నాలుగు చెప్పాకే ఆగింది.

ప్రణీత కాగితం మీద 'ఒకటి' అని రాయబోవడం దామోదర్ చూశాడు. అన్నీ గొర్రెలే కదా మరి. అతనికి నోరాగలేదు.

"మేడం, అవన్నీ వేరువేరు! ఒక్కటి కూడ రెండోసారి చెప్పలేదు. అన్నీ మా మందలున్నవే. నేను ఎంచుకుంటనే ఉన్న, ముప్పై ఏడు చెప్పింది. నన్నడిగితే నేను ఇరవై కూడ చెప్పలేను."

ప్రణీత పెన్ను ఆపింది. లెక్క ప్రకారం మార్కులు వేయడానికి వీల్లేదని ఒప్పుకుంది. ఆ తర్వాత సుక్కమ్మ వైపు తిరిగి, దాపరికం లేకుండా చెప్పింది.

"అవ్వా, అబద్ధం చెప్పను. ఈ మధ్య జరిగింది నీకు నిలుస్తలేదు. అది నిజం. మందులు, తేదీలు నీ మీద పెట్టుకోవద్దు. కానీ కొత్త ముచ్చటను గుర్తుంచుకునుడు వేరు, ఏండ్ల కొద్ది చేసిన పనిల మంచిచెడ్డ తేల్చుడు వేరు. మొదటిది తగ్గింది కాబట్టి రెండోది కూడ పోయిందంటే తప్పు. పోలేదని నేను గీ కుర్చీల కూసొని చెప్పినా తప్పే. నీ పొట్టేళ్ల దగ్గర చూడాలె. ఒక్కసారి కాదు, ఎక్కువసార్లు అడుగుత. మనిషి నిజంగ తెల్సి ఎంచితే ఎన్నిసార్లడిగినా అదే మాట, అదే కారణం చెప్తది. ఒప్పుకుంటవా?"

"వందసార్లు అడుగు" అంది సుక్కమ్మ.

ఆదివారం పొద్దున ప్రణీత బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. దొడ్లో పదకొండు మగపిల్లలున్నాయి. రఘుపతి అప్పటికే తూకం వేసి పెట్టాడు. అన్నింటికంటే ఎక్కువ తూగింది అతని ఇంటి పిల్లే, బలంగా, నిగనిగలాడుతూ ఉంది. కొడుకు తల్లికి సైగ చేయకూడదని దామోదర్‌ను ఆమె వెనక నిలబెట్టారు.

సుక్కమ్మ తొందరపడలేదు. ముందు కింద కూర్చొని ఊరికే చూసింది. తర్వాత వాటిని దొడ్డి ఈ మూల నుంచి ఆ మూలకు తోలించి నడక చూసింది. ఒక్కొక్కదాన్ని ఒళ్లోకి లాక్కుని పెదవి ఎత్తి పళ్లు చూసింది, వీపు నొక్కింది, గిట్టలు తడిమింది, వెనక కాళ్ల మధ్య చేయి పెట్టి చూసింది. గంట దాటింది. "తూకమైతే పది నిమిషాల్ల ఒడిశిపోతుండె" అని రఘుపతి గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. చివరికి చెవి చీలిన గోధుమరంగు పిల్ల మెడ మీద చేయి వేసింది.

"గిది. పండ్లు సమానంగ కలిసినయ్. గిట్టలు గట్టివి. దీని తల్లి నల్లమూతిది, ఎండకాలం ఎన్ని కోసులు నడిచినా పాలు తగ్గనియ్యలేదు. రఘుపతీ, నీది తూగుతది నిజమే. గని ఎనక కాళ్లు నడిస్తే ఒకదానికొకటి రాసుకుంటున్నయ్. ఎండకాలం నీళ్లు వెతుక్కుంట పోతే సగం తొవ్వల కూలవడ్తది. దాని పిల్లలు కూడ గంతే."

రఘుపతి తన పిల్లను మళ్లీ నడిపించి చూశాడు. కాళ్లు రాసుకుంటున్నాయి. ఇన్నాళ్లూ అతని కంటికి అది ఆనలేదు.

బువ్వ తిన్నాక సుక్కమ్మ పందిరి కింద ఒక కునుకు తీసింది. లేచి, మొహం తుడుచుకొని, కూర్చున్నవాళ్లందరినీ చూసి కసిరింది.

"పొట్టేలును ఎంచెడిది లేదా? మేడం అంతదూరం నుంచి వచ్చి కూసుంటే గిట్ల ముచ్చట్లు పెడ్తరేంది? పాండ్రి."

పొద్దటి గంటసేపు పని ఆమెకు జరగనే లేదు. రఘుపతి ఇక తేలిపోయిందన్నట్టు ప్రణీత వైపు చూశాడు. ప్రణీత పిల్లల్ని వేరే దొడ్లోకి మార్పించింది. సుక్కమ్మ మళ్లీ కూర్చుంది, మళ్లీ నడిపించింది, మళ్లీ పళ్లు చూసింది. మళ్లీ గంట పట్టింది. చేయి మళ్లీ ఆ చెవి చీలిన పిల్ల మెడ మీదే పడింది. పళ్లు, గిట్టలు, తల్లి పాలు, అవే కారణాలు దాదాపు అవే మాటల్లో చెప్పింది. రఘుపతి పిల్ల కాళ్ల సంగతి కూడా వదలలేదు.

రఘుపతి మాత్రం ఓడిపోవడానికి ఇంకా సిద్ధంగా లేడు. "చెవి చూసి గుర్తువట్టింది మేడం. చీలిన చెవి ఎవనికైనా యాదికుంటది" అన్నాడు చిన్నగా. ప్రణీత కొంచెంసేపు ఆలోచించి, అట్లయితే మూడోసారి ఆ పిల్లను తీసేసి చూపిద్దామంది. రఘుపతి దాన్ని ఎత్తుకొని వెళ్లి తన ఇంటి వెనక కట్టేశాడు.

సాయంత్రం మంద ఇంటికొచ్చింది. ఆ సందడి సద్దుమణిగాక ప్రణీత, "అవ్వా, ఇగ పొట్టేలును ఎంచుదామా?" అని అడిగింది. "ఎంచాలె గద మరి" అంటూ లేచింది సుక్కమ్మ, ఇదే మొదటిసారి అన్నంత హుషారుగా. పది పిల్లల్నీ చూసింది. అన్నింటినీ తడిమింది. రఘుపతి పిల్లను రెండుసార్లు నడిపించింది. దామోదర్ వెనక నుంచి చూస్తున్నాడు. పది పెట్టి ఎంచమంటే ఎవరైనా పదింట్లో మెరుగైనదాన్ని చూపించి ఊరుకుంటారు. తను అయినా అదే చేసేవాడు.

సుక్కమ్మ చేతులు దులుపుకుంది.

"ఇందుల లేదు."

"ఏది లేదు పెద్దమ్మా?" అన్నాడు రఘుపతి.

"పొట్టేలు. ఇవి పదీ సంతకు పోయేటివే. నల్లమూతిదాని పిల్ల ఏది? ఎవడు తోలిండు దాన్ని? దామోదరా, సంతకు గిట్ల తోలలేదు గదరా?" ఆమె గొంతులో నిజమైన కంగారు ఉంది.

రఘుపతి వెళ్లి పిల్లను తెచ్చి ఆమె ముందు దించాడు. ఆమె దాని నోరు తెరిచి చూసి, "గిదే. గిది ఉండంగ వాటిని నాకెందుకు చూపిస్తున్నరు?" అంది.

"ఇయ్యాల నువ్వు దీన్ని ఎంచుడు ఇది మూడోసారి అవ్వా" అంది ప్రణీత మెల్లగా. ఏం జరిగిందో మొత్తం చెప్పింది. పొద్దున ఒకసారి, కునుకు తర్వాత ఒకసారి, ఇప్పుడు ఒకసారి.

సుక్కమ్మ నమ్మలేనట్టు కొడుకును చూసింది. దామోదర్ ఈసారి తల దించుకోలేదు. "నిజమే అమ్మా. రెండు మర్శిపోయినవ్. గని మూడుసార్లు గదే పొట్టేలు. మూడుసార్లు గవే మాటలు. నీ అసొంటి కన్ను ఈ చుట్టుపక్కల ఎవ్వరికి లేదు" అన్నాడు. చెబుతుంటే అతని గొంతు పెద్దదైంది, ఊరంతా వినాలన్నట్టు.

మరిచిపోయానన్న మాట ఆమెకు బరువుగానే దిగి ఉంటుంది. పిల్ల వీపు మీద చేయి వేసుకొని కూర్చుంది. తర్వాత తలెత్తి, ఎప్పటి పెద్దరికంతోనే మాట్లాడింది.

"అయితే వినుండ్రి. మందులు తాపుడు ఇగ నా కోడలు చూస్తది. నేను సీసా వడ్తే గుంజుకోండ్రి. పొట్టేలును మాత్రం నేనే ఎంచుత. ఏటా గిట్లనే, నాకు చెప్పకుండ రెండు మూడుసార్లు ఎంచమనుండ్రి. ఏ ఏడు నా చెయ్యి ఒకసారి ఒకదాని మీద, ఇంకోసారి ఇంకోదాని మీద పడ్తదో గా ఏటితోని నా పని ఒడిశింది. అప్పుడు నేను కొట్లాడినా వినొద్దు."

"గా ముచ్చట నీకు ఎవరు చెప్పాలె అమ్మా?" అన్నాడు దామోదర్, తనే చెప్పాల్సి వస్తుందనుకుంటూ.

"నువ్వు కాదు కొడుకా. నువ్వు నా మొకం చూస్తవు, జాలి వడ్తవు, ఇంకో ఏడు చూద్దామంటవు. గాలోపల మంద ఆగమైతది." ఆమె రఘుపతి వైపు వేలు చూపింది. "వీడు చెప్పాలె. వీని పిల్లలు సచ్చినప్పుడు నలుగురి ముంగట నా మొకం మీద చెప్పిండు. నన్ను జరగమనెటందుకు గాసొంటోడే కావాలె."

"చెప్త పెద్దమ్మా. గా దినం రాకుంటే మంచిగుంటది" అన్నాడు రఘుపతి. తల్లి తనను కాదని రఘుపతిని ఎంచినందుకు దామోదర్‌కు రవ్వంత కూడా కష్టం అనిపించలేదు. ఆ పని తన చేత కాదని అతనికి తెలుసు. అది ఆమెకు తెలిసినందుకే గర్వంతో అతని గుండె నిండిపోయింది.