కొట్టేసిన మాట

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ప్రెస్సులో అందరికీ తెలుసు. బైండింగు సెక్షనుకి సూపర్‌వైజర్ని మరి, లేకపోతే పనెలా సాగుతుంది? తమ్ముడి ఉద్యోగం పోయాక, ఆడపడుచునైన నేనే మరదల్ని తీసుకొచ్చి పేపరు కోసే మిషను దగ్గర పెట్టాను. మా ఇద్దరి జీతాలతోనే ఇల్లు నడిచేది.

ఓ మధ్యాహ్నం, బటన్లు నొక్కకుండానే కత్తి దానంతటదే దిగింది. తను అప్పుడే చెయ్యి తీసిందట. నాతో చెప్పకుండా నేరుగా వెళ్ళి షిఫ్టు రిజిస్టర్‌లో ఇంగ్లీషులో 'నియర్ మిస్' అని రాసింది. ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పితే అలాగే రాయాలని, రాస్తే మిషను ఆపి మెకానిక్కు చూస్తాడని ట్రైనింగులో చెప్పారు. నేనూ వెళ్ళాను ఆ ట్రైనింగుకి, కునికిపాట్లు పడ్డాను.

"ఏమ్మా దొరసానీ, తెలుగులో భయం వెయ్యలేదా?" అన్నాను అందరి ముందూ. పగలబడి నవ్వారు. మర్నాటికల్లా స్కూలు పుస్తకాలు వెళ్ళిపోవాలి, మిషను ఆపితే మేనేజరు నన్ను నమిలేస్తాడు. ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టేశాను. తను మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజున కత్తి మళ్ళీ దిగింది. ఈసారి కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో సరైనది ఏరి సరైన చోట పెట్టింది పిచ్చిపిల్ల. డిగ్రీ చదివిన నేను దాన్ని కొట్టేశాను. నా చెయ్యి పడిపోను. ఆస్పత్రి నుంచి వచ్చాక రోజూ తనకి నేనే జడ వేస్తున్నాను. నేను ఏడిస్తే "ఊరుకో వదినా" అంటుందే తప్ప ఒక్క మాట అనదు. నాలుగు తిట్టినా బావుండును.

విచారణకొచ్చిన ఆఫీసరు రిజిస్టర్ తెరిచి, ఈ గీత ఎవరు కొట్టారని అడిగాడు. నేనేనని చెప్పాలనే వెళ్ళాను, ఒట్టు. నోరు తెరిచేలోపే, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మరదలు అంది:

"నేనే సార్. ఊరికే భయపడి రాశాను, తర్వాత కొట్టేశాను."

నా వైపు చూడనైనా లేదు. ఇంటికి ఇక మిగిలింది నా ఒక్కదాని జీతమే, అదీ పోతే గతేమిటనుకుని ఉంటుంది.

ఆఫీసరు నా వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు.

నిజమేనన్నాను.